ఐడియాలు పెరుగుతున్నాయి, యాప్ మాత్రం బయటికి రావడం లేదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ముగ్గురు స్నేహితులతో కలిసి నోట్స్ రాసుకునే ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి, మార్చుకోగలిగే) యాప్ ఒకటి చేస్తోంది. రోజుకో కొత్త ఫీచర్ అంటారు, ఏడాదైనా విడుదల లేదు. ఏఐ కూడా పెట్టమని నేనే చెప్పాను. ఇది ఆపేసి, పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే అవకాశమిచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి ప్రయత్నించమంటే మంచిదా?

జవాబు: ఏడాది వృథా అయిందేమోనని కదండీ మీ భయం. కాలేదు. నలుగురు కలిసి ఒకే కోడ్ మీద ఇన్నాళ్లు పనిచేయడం ఈ వయసులో చిన్న విషయం కాదు. అయితే ఆ లిస్టు పెరగడంలో మీ చేయి కూడా ఉంది. ఏఐ పెట్టు అని మీరు ఒక్క మాటలో అనేస్తారు, దాన్ని రాయాల్సింది, తర్వాత వచ్చే బగ్గులన్నీ చూసుకోవాల్సింది వాళ్లు. ఫీచర్ రాయడం కంటే దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టడమే పెద్ద పని. వచ్చే ఏడాది నలుగురూ తలో దారి పడితే దాన్ని ఎవరు చూస్తారు? కొత్త ఐడియా వచ్చిన ప్రతిసారీ ముందు ఈ ప్రశ్నే అడగమనండి.

2005 ఏప్రిల్‌లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే గిట్ అనే సాధనం మొదలుపెట్టినప్పుడు, కొద్ది రోజులకే అది తన సొంత కోడ్‌ని తానే నిర్వహించుకునే స్థాయికి వచ్చింది. వాడటానికి మొరటుగా ఉండేది, సౌకర్యాలన్నీ తర్వాత చేరాయి. మీ వాళ్లకీ అదే చాలు. నోట్ రాయడం, సేవ్ చేయడం, వెతకడం, అంతే. ఈ యాప్ ఏం చేస్తుందో, ఏం చేయదో రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) రెండు వాక్యాలు రాయాలి. మిగతా ఐడియాలన్నీ ఇష్యూలుగా (ప్రాజెక్టు పేజీలో చర్చకు పెట్టే అంశాలుగా) పెట్టి 'తర్వాత' అని లేబుల్ వేసేయాలి. బయటివాళ్లెవరైనా పెద్ద ఫీచర్ పంపాలనుకుంటే కోడ్ రాయకముందే ఇష్యూలో అడగమనాలి, ఎందుకంటే రాసేశాక వద్దంటే వాళ్లకీ బాధ, మనకీ మొహమాటం.

ఇక సమ్మర్ ఆఫ్ కోడ్. మంచి కార్యక్రమమే, కానీ రెజ్యూమెలో ఒక లైను కోసం అందరూ అటే పరుగెత్తడం చూస్తే నాకు అనుమానంగానే ఉంటుంది. ఓపెన్ సోర్స్‌కి కోడ్ పంపమని ఏటా అక్టోబరులో జరిగే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో టీషర్టు కోసం జనం పనికిరాని పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో మార్పుల ప్రతిపాదనలు) కుప్పలుగా పంపితే, ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేయాల్సి వచ్చింది. కాంట్రిబ్యూషన్ల లెక్క పెంచుకోవడానికి వెళ్తే నేర్చుకునేది తక్కువ. పెద్ద ప్రాజెక్టులో ఇతరుల కోడ్ చదవడం, రివ్యూలో మాట పడటం అలవాటవుతాయి, సొంత ప్రాజెక్టులో ఏది వద్దో తేల్చుకోవడం వస్తుంది. సమ్మర్ ఆఫ్ కోడ్ ప్రపోజల్‌లోనూ ఇన్ని గంటల్లో ఏం పూర్తవుతుందో తేల్చి రాయాలి కాబట్టి ఈ అనుభవం అక్కడా పనికొస్తుంది. ముందు 0.1, అంటే తొలి చిన్న వెర్షన్, విడుదల చేయనివ్వండి. అది రాగానే మీ ఫోన్‌లో వేసుకుని ఒక వారం వాడి, ఎక్కడ తికమకపడ్డారో అమ్మాయికి చెప్పండి. కొత్త ఫీచర్ మాత్రం అడగకండి.