ఆపద వస్తే దూరంగా ఉన్న అమ్మకు తెలుస్తుందా?

టెలిపతీ (మాటా సైగా లేకుండా ఒకరి మనసులోది మరొకరికి చేరడం) నిజమేనా, మనసు మెదడు దాటి వెళ్తుందా, దీనిపై పరిశోధనలు ఏం చెబుతున్నాయి అని అడిగారు. ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను.

నాలుగేళ్ళ క్రితం ఓ రాత్రి రెండు గంటలప్పుడు మా పాపకు ఫిట్స్ వచ్చాయి. ఎత్తుకుని ఆసుపత్రికి బయలుదేరుతుంటే తెనాలి నుంచి అమ్మ ఫోన్. "పాప ఎలా ఉందిరా? మనసెందుకో కీడు శంకిస్తోంది." నా ఒళ్ళు జలదరించింది.

మర్నాడు పాపకు ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్తును నమోదు చేసే పరీక్ష, తీశారు. తలంతా జిగురు రాసి వైర్లు అంటించారు. స్క్రీన్ మీద గీతలు పాకుతుంటే దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ జిగురు కుంకుడుకాయలతో రెండుసార్లు తలంటినా వదల్లేదు.

తర్వాత ఆ పరీక్ష గురించి చదువుతుంటే హాన్స్ బెర్గర్ కథ కనిపించింది. ఈఈజీని కనిపెట్టిన జర్మన్ వైద్యుడు ఆయనే. 1890ల మొదట్లో సైన్యంలో ఉండగా గుర్రం మీంచి ఫిరంగి బండి ముందు పడ్డారు. చక్రం మీదికి రాబోతుండగా బండి ఆగింది. ఆ సాయంత్రమే క్షేమమేనా అంటూ ఇంటి నుంచి టెలిగ్రాం! తమ్ముడికేదో అయిందని అక్క పట్టుబట్టి తండ్రి చేత పంపించిందట. తన భయమే అక్కకు చేరిందని ఆయన నమ్మారు. మనసుకూ మెదడుకూ ఉన్న లంకె వెతుకుతూ 1924లో మనిషి మెదడు విద్యుత్తును నమోదు చేశారు, 1929లో ప్రచురించారు. కానీ నెత్తి మీద అది వోల్టులో లక్షో వంతుల్లోనే ఉంటుంది. ఊళ్ళు దాటే బలం దానికి లేదు.

టెలిపతీ మీద బ్రిటిష్ జీవశాస్త్రవేత్త రూపర్ట్ షెల్‌డ్రేక్ చేసిన ఫోన్ ప్రయోగాలు కూడా చదివాను. నలుగురిలో ఎవరు చేస్తున్నారో ఫోన్ ఎత్తకముందే చెప్పాలి. గుడ్డిగా చెప్పినా 25 శాతం సరిపోతుంది. వీడియో తీసిన ప్రయోగాల్లో 45 శాతం వచ్చిందని ఆయన ప్రకటించారు. వేరేవాళ్ళు చేస్తే అది నిలకడగా రాలేదు. అందుకే నాకు నమ్మకం కుదరలేదు.

అప్పుడు నా ఫోన్లో పాత కాల్స్ వెతికాను. పాపకు ఫిట్స్ రాకముందు రెండు నెలల్లో అమ్మ అర్ధరాత్రి దాటాక ఐదుసార్లు చేసింది. "ఏం కాలేదు, పడుకో అమ్మా" అని పెట్టేసి మర్చిపోయాను. ఆరోది మాత్రం ఇంటిల్లిపాదికీ కథైపోయింది. మీకూ ఇలాంటివి జరుగుతుంటే అనిపించిన వెంటనే టైము రాసిపెట్టుకోండి. తప్పినవీ రాయండి.

ఈ లెక్క అమ్మకు చెప్పాను. "మోకాళ్ళు సలుపుతుంటే నిద్రేదిరా? మెలకువగా ఉంటే పాపే గుర్తొస్తుంది" అంది. ఆ నెలలోనే ఎముకల డాక్టరుకు చూపించాను.