ఆ కాక్‌పిట్‌లోకి వెళ్లకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. 2025 నవంబర్ 21న దుబాయ్ ఎయిర్‌షోలో తేజస్ కూలి వింగ్ కమాండర్ నమన్ష్ స్యాల్ మరణించిన వార్త నిన్ను ఎంత కలచివేసిందో మొదటి పేజీలోనే తెలుస్తోంది. విమానం ఒకచోట కనిపిస్తుంటే దాని శబ్దం వెనక ఎక్కడి నుంచో వినిపించడం, జనంలో ఒక పిల్లవాడు రెండు చెవులూ మూసుకోవడం, ఇవన్నీ చక్కగా కుదిరాయి. వాటి జోలికి వెళ్లను. నా బాధంతా నాలుగో పేజీ గురించే.

అక్కడ నువ్వు కాక్‌పిట్‌లోకి దూరావు. నీ పైలట్‌కు చివరి క్షణంలో సొంత ఇంటి గుమ్మం గుర్తొచ్చిందన్నావు. జనం మీద పడకుండా విమానాన్ని పక్కకు తిప్పి ప్రాణం వదిలాడన్నావు. ఆ పేరా మొత్తం కొట్టెయ్యి.

కోపంతో చెప్పడం లేదు. నీ వయసులో నేనూ అలాంటి పేరా రాశాను, మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. తర్వాత ఎప్పుడో, యుద్ధవిమానాలు నడిపి రిటైరైన ఒక పెద్దాయన దాన్ని చదివారు. విన్యాసం మధ్యలో ఉన్నవాడి తలలో ఎత్తు, వేగం తప్ప మరొకటి పట్టదని మెల్లగా చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చనిపోయిన మనిషి చేతిలోంచి అతని పనిని లాగేసి, అక్కడ నాకు నచ్చిన కన్నీటిని పెట్టానని అర్థమైంది.

ఆ పని ఎలాంటిదో తెలుసుకో. 2003 సెప్టెంబర్ 14న అమెరికాలోని ఐడహోలో, ఆ దేశ వాయుసేన విన్యాసాల జట్టు థండర్‌బర్డ్స్ నడిపే ఎఫ్-16 యుద్ధవిమానం ఒకటి కూలింది. విమానాన్ని తలకిందులు చేసి, నేలవైపు సగం చక్రం చుట్టి సమంగా రావాల్సిన విన్యాసం అది. అందుకు నేల నుంచి 2,500 అడుగుల ఎత్తు కావాలి. పైలట్ సుమారు 1,670 అడుగుల దగ్గరే దిగడం మొదలుపెట్టాడు. ఆ మైదానం సముద్రమట్టానికి వాళ్ల సొంత స్థావరం కన్నా దాదాపు 1,100 అడుగులు ఎత్తులో ఉంది, అతను మాత్రం సొంత స్థావరం లెక్కే వేసుకున్నాడు. నేలను తాకడానికి 0.8 సెకను ముందు సీటుతో సహా బయటపడి బతికాడు. రోజూ వాడే అంకె అలవాటుగా మనసులోకి వచ్చింది, అంతే. నాకు ఇంటి గుమ్మం కన్నా ఈ అంకే ఎక్కువ భయం పుట్టిస్తుంది. 2015లో ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో పాత హాకర్ హంటర్ జెట్ రహదారి మీద కూలి 11 మంది చనిపోయినప్పుడు కూడా దర్యాప్తు చివరికి చేరింది అంకెల దగ్గరికే. గాల్లో నిలువుగా చక్రం చుట్టే లూప్ విన్యాసంలో, పైభాగాన కనీసం 3,500 అడుగులు ఉండాల్సిన విమానం సుమారు 2,700 అడుగులకే చేరింది.

‘ఎందుకు దూకలేదు?’ అని నీ కథలో ఒక పాత్ర అడుగుతుంది. మంచి ప్రశ్న, కానీ జవాబు లేకుండా వదిలేశావు. పైలట్‌ను తనతో సహా బయటకు విసిరే ఇప్పటి ఎజెక్షన్ సీటు నేల మీద నిలిచి ఉన్న విమానంలోంచి కూడా మనిషిని కాపాడగలదు. విమానం వేగంగా నేలకు దిగుతున్నా, బాగా ఒరిగి ఉన్నా ఆ సీటుకూ కొంత ఎత్తు, కొంత సమయం కావాలి. ఒక్కోసారి ఆ రెండూ మిగలవు.

ఇక పక్కకు తిప్పాడన్న మాట. ఇలాంటి ప్రమాదాల తర్వాత అది తరచూ వినిపిస్తుంది. కొన్నిసార్లు నిజమే కావచ్చు, దాన్ని తేల్చాల్సింది విమానంలోని రికార్డర్. నువ్వు ఆ మాట అనే మనిషిని రాయి. అతను దాన్ని ఎవరితో అన్నాడు, అనకపోతే ఆ సాయంత్రం ఎందుకు గడవదు? నీ కథ అక్కడ ఉంది.

ఇంకొకటి. నీ కథలో మంట లేవగానే అన్నీ ఆగిపోయి అందరూ మౌనంగా నిలబడతారు. దుబాయ్‌లో ఆ రోజు ప్రదర్శనలు మళ్లీ మొదలయ్యాయి. ఒక అమెరికన్ ఎఫ్-16 బృందం మాత్రం తన వంతు వదులుకుంది. 1952 సెప్టెంబర్ 6న ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఎయిర్‌షోలో డీహెచ్ 110 అనే జెట్ విమానం గాల్లోనే ముక్కలై, అందులోని ఇద్దరితో పాటు 29 మంది చూపరులు చనిపోయారు. ఆ వెంటనే నెవిల్ డ్యూక్ అనే టెస్ట్ పైలట్ తన హంటర్ జెట్‌ను అదే ఆకాశంలోకి లేపాడు. అందుకు ప్రధాని చర్చిల్ ఆయనను మెచ్చుకుంటూ లేఖ రాశారు. ఆగినవాళ్లనూ ఎగిరినవాణ్ణీ, ఇద్దరినీ నేను తప్పుపట్టలేను. నీ కథలో మైకు పట్టుకున్న వ్యాఖ్యాత ఉన్నాడు కదా, ఈ రెండింటి మధ్య అతను ఏం మాట్లాడాలో తెలియక నిలబడాలి. అతనికి నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు. రెండు పేజీలు ఇవ్వు.

చూడడానికి వచ్చినవాళ్లనూ వదలకు. 2002 జులై 27న ఉక్రెయిన్‌లోని లవీవ్ దగ్గర ఎయిర్‌షోలో సుఖోయ్-27 యుద్ధవిమానం జనంలోకి దూసుకెళ్లి 77 మంది పోయారు, వారిలో 28 మంది పిల్లలు. వాళ్లంతా ఒక సెలవు రోజున తలలెత్తి ఆకాశం చూడడానికి వచ్చినవాళ్లే.

నీ పిల్లవాడు రెండో పేజీలో చెవులు మూసుకున్నాడు. శబ్దం ఆగిపోయాక చేతులు ఎప్పుడు దించాడో నువ్వు రాయలేదు. అది రాసి పంపు.