గేమ్ కన్సోల్‌లో సగం గేమ్స్ ఓపెన్ కావట్లేదు, డబ్బులు వెనక్కి అడగొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, ఆన్‌లైన్‌లో 3,800 పెట్టి చేత్తో పట్టుకుని ఆడే రెట్రో గేమ్ కన్సోల్ కొన్నాను. పది వేల గేమ్స్ లోడ్ చేసి ఇస్తాం, అన్నీ ఆడతాయి అని యాడ్‌లో ఉంది. పాత మారియో టైపువి బానే ఆడుతున్నాయి, ప్లేస్టేషన్ గేమ్ పెడితే మాత్రం బయోస్ లేదు అని వచ్చి ఆగిపోతోంది, ఆర్కేడ్ గేమ్స్ కొన్ని ఓపెన్ అయినట్టే అయ్యి మెనూలోకి వచ్చేస్తున్నాయి. అమ్మినాయన్ని అడిగితే నెట్‌లో బయోస్ దొరుకుద్ది వేసుకోండి, రిటర్న్ లేదు అంటున్నాడు. వేసుకుంటే కేసు అవుతుందా? - ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు అది డౌన్‌లోడ్ చెయ్యకండి, ఎందుకో చెప్తా. బయోస్ అంటే అసలు ప్లేస్టేషన్ బోర్డు మీద చిప్‌లో ఉండి, ఆన్ చెయ్యగానే దాన్ని నడిపించే 512 కేబీ ప్రోగ్రామ్, దాని కాపీరైట్ సోనీది. మీ కన్సోల్‌లో పాత మెషిన్‌లా పనిచేస్తూ దాని గేమ్స్ ఆడించే ఎమ్యులేటర్ అలా కాదు, అది వేరేవాళ్ళు సొంతంగా రాసుకున్న సాఫ్ట్‌వేర్, అది మీ దగ్గర ఉండటం నేరం కాదు. అమెరికాలో ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ చేసిన కనెక్టిక్స్ అనే కంపెనీ మీద సోనీ కేసేస్తే 2000లో అక్కడి అప్పీల్ కోర్టు కనెక్టిక్స్ వైపే చెప్పింది, ఆ తీర్పు మన కోర్టుల్ని కట్టెయ్యదు గానీ మన కాపీరైట్ చట్టం 1957లో కూడా సెక్షన్ 52 కింద ఇలాంటి పనికి కొంత చోటుంది. పది వేల గేమ్స్ కాపీ కొట్టి అమ్మినాయనకి బయోస్ దగ్గరే భయం ఎందుకొచ్చిందో నాకర్థం కాలేదు, ఆ ఒక్కటి మాత్రం మీ చేత వేయిస్తున్నాడు.

కేసు సంగతి. అదే చట్టంలో సెక్షన్ 63బి ఉంది, కాపీ కొట్టిన ప్రోగ్రామ్ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. నాది కంప్యూటర్ కాదుగా అనకండి, చట్టం ప్రకారం సమాచారాన్ని ప్రాసెస్ చేసే ఎలక్ట్రానిక్ వస్తువేదైనా కంప్యూటరే. లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే జైలు వెయ్యకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలే అధికారం కోర్టుకుంది. ఇంట్లో ఆడుకునేవాడి మీదకి పోలీసులు వస్తారని నేననుకోను, కానీ తెలిసీ అనే మాట చూశారుగా, ఇంతవరకు మీరు కొన్న వస్తువు కొన్నట్టు వాడారు, ఇప్పుడు చేస్తే తెలిసి చేసినట్టే. మీ దగ్గర సొంత ప్లేస్టేషన్, ఒరిజినల్ డిస్కులు ఉంటే లెక్క వేరు, చట్టబద్ధంగా చేతికొచ్చిన కాపీ నుంచి సొంత వాడకానికి కాపీ తీసుకోడానికి సెక్షన్ 52(1)లో వెసులుబాటు ఉంది, ఆ కాపీ ఫ్రెండ్స్‌కి పంచితే ఆ వెసులుబాటు పోద్ది.

ఒకటి చూడండి, కొన్ని ఎమ్యులేటర్లలో సోనీది కాకుండా వాళ్ళే రాసుకున్న బయోస్ లోపలే ఉంటుంది, సెట్టింగ్స్‌లో అది ఆన్ చేస్తే చాలా గేమ్స్ నడుస్తాయి. ఆర్కేడ్ గేమ్స్ మీరు చెప్పినట్టు బయటికొచ్చేస్తే ఎక్కువసార్లు కారణం వెర్షన్ కలవకపోవడమే, ఆర్కేడ్ గేమ్స్ ఆడించే మేమ్ అనే ఎమ్యులేటర్ ఒక వెర్షన్‌ది, రోమ్ ఫైళ్ళు అంటే గేమ్ కాపీలు ఇంకో వెర్షన్‌వి ఉంటాయి, నియో జియో అనే ఆర్కేడ్ మెషిన్ గేమ్స్‌కైతే విడిగా ఇంకో బయోస్ ఫైల్ కావాలి. సెట్టింగ్ మార్చండి గానీ కార్డులో ఫైళ్ళు మాత్రం మార్చకండి, తర్వాత మీరే పాడు చేశారు అంటాడు.

ఇక డబ్బులు. రిటర్న్ లేదు అన్న మాట చెల్లదు, 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం యాడ్‌లో చెప్పిన లక్షణాలు లేని వస్తువుని అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనకూడదు. కానీ కంప్లైంట్ రాసేటప్పుడు అన్ని గేమ్స్ ఆడేలా చేసివ్వు అని మాత్రం రాయొద్దు, అలా అడిగితే ఇంకొన్ని దొంగ కాపీలు ఇమ్మని మీరే అడిగినట్టు, చట్టవిరుద్ధమైన పని చేసిపెట్టమంటే ఏ కన్స్యూమర్ కమిషనూ వినదు. యాడ్‌లో చెప్పినట్టు వస్తువు లేదు, డబ్బు ఇచ్చి వస్తువు తీసుకెళ్ళు, అంతే. యాడ్ స్క్రీన్‌షాట్, బిల్లు, ఎర్రర్ వచ్చేటప్పటి వీడియో, బయోస్ వేసుకోండి అన్న ఆయన మెసేజ్ దాచుకోండి, ఆ మెసేజే మీకు పెద్ద సాక్ష్యం, వస్తువు పూర్తిగా ఇవ్వలేదని ఆయనే ఒప్పుకున్నట్టు.

ముందు ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, అదీ కాకపోతే కొన్న రోజు నుంచి 2 ఏళ్ళ లోపు ఖమ్మం జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లోనే వెయ్యొచ్చు, అమ్మినాయన ఢిల్లీలో ఉన్నా సరే, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. లాయర్‌ని పెట్టుకోకండి, 3,800కి నాలాంటోడి ఫీజే ఎక్కువైపోద్ది.