ఆ ఫైల్ ఎవరి చేతికీ ఇవ్వకు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఏ కాలేజీలు కావాలో వరసగా వెబ్ ఆప్షన్లు పెట్టేశావట, అన్నం ముందు కూర్చుని కూడా ఫోనే చూస్తున్నావట. మన ఇంట్లో ఎంసెట్‌లో ఇంత మంచి ర్యాంకు ఎవరికీ రాలేదు బిడ్డా. (ఈఏపీసెట్ అని పేరు మార్చారు గానీ నా నోటికి ఎంసెట్టే వస్తుంది.) పొంగిపోయాను. అంతలోనే ఇంకో మాట చెప్పింది. ఫస్ట్ ఫేజ్‌లో రాకపోతే ఎందుకైనా మంచిదని మీ నాన్న ఒక కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి ఉంచాడట, నువ్వూ సరేనన్నావట. ఇక నాకు నిద్రెక్కడిది!

తేలికవి ముందే చెప్పేస్తా. ఆప్షన్ల ప్రింటు దాచుకో. ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు, కాలేజీ వాళ్లమని ఎంత తియ్యగా మాట్లాడినా సరే. సీటొస్తే గడువులోగా ఫీజు కట్టి, చేరుతున్నానని సైటులో సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యి, లేకపోతే చేతికొచ్చిన సీటు పోతుంది. రెండో ఫేజ్‌కి వెళ్తే, వచ్చిన సీటు కన్నా నీకు నచ్చినవే పెట్టు. కొత్తది వచ్చిందంటే పాతది దానంతటదే రద్దవుతుంది, మళ్లీ కావాలన్నా ఇవ్వరు.

మా అమ్మాయి, అదే మీ అక్క సంగతి నీకు పూర్తిగా ఎవరూ చెప్పి ఉండరు. 2017లో దానికి మొదటి ఫేజ్‌లో అనుకున్న చోట రాలేదు. పక్కింటి వాళ్ల పిల్లలు అప్పటికే పుస్తకాలు కొనేశారు. నాకు ఒకటే టెన్షన్, ఏడాది ఎక్కడ పోతుందోనని. మీ పెద్దనాన్న ఆగుదామన్నాడు. నేనే వినలేదు. కరీంనగర్ నుంచి బస్సెక్కి ఒక ప్రైవేటు కాలేజీకి పోయి, యాభై వేలు అడ్వాన్సు కట్టి, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఇచ్చి వచ్చాను. రసీదు డబ్బుకే ఇచ్చారు. సర్టిఫికెట్లకు అడగాలని కూడా తోచలేదు నాకు. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు టీసీలు రాసిచ్చిన దాన్ని!

రెండో ఫేజ్‌లో జగిత్యాల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. అక్కడ చేరాలంటే ఒరిజినల్స్ చూపించాలి. పరుగెత్తాం. ఆఫీసులో క్లర్కు వెనక ఇనుప బీరువా, రెండో అరలో మీ అక్క నీలం ఫైల్. చెయ్యి చాపితే అందేలా ఉంది. "నాలుగేళ్ల ఫీజు కట్టి తీసుకుపోండి" అన్నారు. మూడు రోజులు తిరిగాం. మూడో రోజు సాయంత్రానికి గడువు అయిపోయింది. ఒరిజినల్స్ ఆపుకోకూడదని ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ ఉత్తర్వులున్నాయి. ఉత్తర్వు ఎక్కడో ఢిల్లీలో, ఫైల్ వాళ్ల బీరువాలో.

తిరుగు బస్సులో అది నన్ను ఒక్క మాట అనలేదు. టికెట్టు మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చుంది. గంగాధర దాటాక "అమ్మా, ఆకలేస్తోంది" అంది. ఆ కాలేజీలోనే చదివింది, ఉద్యోగమూ తెచ్చుకుంది, అది వేరే సంగతి. ఇప్పటికీ ఎవరైనా జగిత్యాల పేరెత్తితే నేను వంటింట్లోకి పోతాను.

అందుకే చెప్తున్నా. మేనేజ్‌మెంట్ సీటు అడిగి ఉంచడం తప్పు కాదు. కాయితాలు ఇవ్వడం తప్పు. "జిరాక్సులు తీసుకోండి, ఒరిజినల్స్ చేరే రోజే తెస్తా" అను. ఈ రోజే సీటు అయిపోతుందని తొందర పెడతారు. పెట్టనీ. మీ నాన్నను నువ్వేమీ అనకు, భయంతోనే చేస్తున్నాడు పాపం. ఆయనతో నేను మాట్లాడతా.

నువ్వు మాత్రం అన్నం మానకు. సైటు రిఫ్రెష్ చేస్తే అలాట్‌మెంట్ ముందుకు జరగదు తల్లీ. చెప్పిన రోజున వాళ్లే పెడతారు, ఒక్కోసారి అర్ధరాత్రి పెడతారు.

శనివారం వస్తున్నా, సర్వపిండి చేసుకొస్తా. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి బోనఫైడ్లు, క్యాస్ట్, ఇన్‌కమ్, అన్నీ ఫైల్‌లో వరసగా పెట్టి ఉంచు. ఒక్కసారి నా చేత్తో లెక్కపెట్టుకుని నీకే ఇచ్చేస్తా.

మీ పెద్దమ్మ