ఉద్యోగం లేనివాళ్లను తీసుకోవడానికి కంపెనీలు ఎందుకు వెనకాడతాయి?

ఏడాదిగా ఖాళీగా ఉన్నానని, ఇంటర్వ్యూకి కూడా పిలవడం లేదని రాశారు. "ఉద్యోగం లేనివాడికే కదా ఉద్యోగం కావాలి, ఉన్నవాణ్ణే ఎందుకు పిలుస్తారు?" అన్నది మీ ప్రశ్న. నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో హెచ్ఆర్ పని చూస్తాను. రెజ్యూమేలు మొదట వడపోసేది నేనే కాబట్టి లోపల జరిగేది చెబుతాను.

ఒక్క సూపర్‌వైజర్ పోస్టు పడితే చాలు, పాలకొల్లు నుంచీ తణుకు నుంచీ అమలాపురం నుంచీ రెజ్యూమేలు వచ్చి పడతాయి. అన్నీ చదివే తీరిక ఎవరికీ ఉండదు. పక్కన పెట్టడానికి ఏదో ఒక సాకు కావాలి, 'ప్రస్తుతం పని చేయడం లేదు' అన్నది అన్నిటికంటే సులువైన సాకు. మా యజమాని గారైతే "ఇన్నాళ్లూ ఎవరూ తీసుకోలేదంటే ఏదో ఉండే ఉంటుందండీ" అంటారు. ఆ ఎవరూ కూడా సరిగ్గా ఇదే అనుకుని పక్కన పెట్టి ఉంటారన్నది ఆయనకు తట్టదు.

పైకి చెప్పని భయం ఇంకోటి ఉంది. అవసరంలో ఉన్నాడు కాబట్టి ఎంతిస్తే అంతకి చేరతాడు, రేపు ఇంకోచోట రెండు వేలు ఎక్కువిస్తే వెళ్లిపోతాడు అని. ఉద్యోగంలో ఉన్నవాడు మా దగ్గరికి వచ్చేదీ ఆ రెండు వేల కోసమే కదా! పైగా అతనికి నోటీస్ పీరియడ్ ఉంటుంది, మీరు సోమవారమే చేరగలరు. సీజన్ మధ్యలో అది మాకు ఎంత లాభమో ఎవరూ లెక్కేసుకోరు.

ఇది మన దగ్గరే ఉన్న తీరు కాదు. క్రాఫ్ట్, లాంగె, నొటొవిడిగ్డో అనే ఆర్థికవేత్తలు అమెరికాలో కల్పిత రెజ్యూమేలు పంపి చూశారు. 2013లో అచ్చయిన ఆ పరిశోధనలో, ఖాళీ పెరిగేకొద్దీ పిలుపులు తగ్గాయి. ఆ తగ్గుదల ఎక్కువగా మొదటి 8 నెలల్లోనే. ఉద్యోగాలు బాగా దొరికే ఊళ్లలో ఇంకా ఎక్కువ. అక్కడ ఖాళీగా ఉంటే లోపం మనిషిదే అనుకుంటారు కాబోలు. అందుకే 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచాక ఎగుమతి కంపెనీలో పని పోయిందంటే నేను మరో ప్రశ్న వెయ్యను. న్యూజెర్సీలో 2011లోనే 'ఉద్యోగంలో ఉన్నవారే దరఖాస్తు చేయాలి' అనే ప్రకటనలను నిషేధించారు. ప్రకటన ఆగింది సరే, వడపోత ఎలా ఆగుతుంది?

ఆ మధ్య క్యూసీ (సరుకు నాణ్యత చూసే) పోస్టుకి ఒక కుర్రాడు వచ్చాడు. రెజ్యూమేలో చివరి ఏడాది ఖాళీ. అడిగితే "ఖాళీగానే ఉన్నానండి, నాన్నగారికి ఒంట్లో బాగోక చెరువులు చూసుకున్నాను" అన్నాడు. ఏ కౌంటులో, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగే సైజులో పట్టారని మాటల్లో పెడితే సంచిలోంచి లాంగ్ నోట్‌బుక్ తీశాడు. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉంది, రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిందా, సున్నం ఎప్పుడు చల్లారు, అన్నీ రోజువారీగా రాసి ఉన్నాయి. ఒక పేజీలో 'కరెంటు పోయింది, ఏరేటర్లు ఆగాయి, జనరేటర్ 2.10కి' అని ఉంది. ఏరేటర్లంటే చెరువు నీళ్లకి గాలి అందించే యంత్రాలు. మా క్యూసీ మేనేజర్ ఆ పుస్తకం ఓ పట్టాన వదల్లేదు. ఆ కుర్రాణ్ణి తీసుకున్నాం కూడా. మన డెల్టాలో ఇదో జబ్బు. ఇంటి చెరువు, ఇంటి వరి, మావయ్యగారి మిల్లులో లెక్కలు, ఏదైనా సరే, జీతం రాకపోతే పని కాదనుకుంటారు.

మీరూ అలాంటిదేమైనా చేసి ఉంటే తేదీలతో సహా రాయండి, అడిగితే చెప్పగల మనిషి ఫోన్ నంబరుతో, మేత డీలరైనా ఫర్వాలేదు. పాత కంపెనీ తేదీలు మాత్రం సాగదీయకండి. మేం ఈపీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతాం, చేరిన రోజూ మానేసిన రోజూ అందులో కనిపిస్తాయి. ఏమీ చేయలేదంటారా, చిన్నదైనా ఒక పనిలో చేరండి. స్వీడన్‌లో 2014లో వచ్చిన ఇలాంటి పరిశోధనలోనే, ఖాళీ తర్వాత మళ్లీ పని చేసినవాళ్ల పాత ఖాళీని కంపెనీలు పట్టించుకోలేదని తేలింది.

ఆ ఏడాదికి ఎదురుగా ప్రస్తుతం ఏం రాశారో, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. చూసి చెబుతాను.