పాత ప్లాటర్ ఫైళ్లను నలుపు-తెలుపులోకి మార్చేముందు పెన్నుల సంగతి చూడండి

"1998 నాటి పీఎల్‌టీ ఫైళ్లు మూడు వందలు ఉన్నాయి. చిన్న సైజు నలుపు-తెలుపు చిత్రాలుగా మార్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని అడిగారు. పీఎల్‌టీ అంటే ప్లాటర్‌కు, అంటే పెన్నులతో కాగితం మీద నక్షా గీసే యంత్రానికి, ఇచ్చే ఫైలు. సాఫ్ట్‌వేర్ తర్వాత చూద్దాం, ముందు పెన్నుల సంగతి చూడండి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఏళ్ల తరబడి డ్రాయింగుల ప్రింటింగ్ షాపు నడిపాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

2009లో మిర్యాలగూడ సర్వేయర్ ఒకరు సాగర్ ఎడమ కాలువ కింది మైనర్ (చిన్న కాలువ) నక్షాలను పీఎల్‌టీ ఫైళ్లుగా సీడీలో తెచ్చారు. అన్నీ ఏ1 షీట్లు. రాత్రంతా కూర్చుని టిఫ్ అనే రకం నలుపు-తెలుపు చిత్రాలుగా మార్చి, ప్రింట్లు తీసి ఇచ్చాను. మూడో రోజు ఆయన వెంట ఒక ముసలి రైతు వచ్చారు. షీటు కౌంటర్ మీద పరిచి, కాలువ గీత వెంట వేలు జరుపుతూ వెళ్లి ఒకచోట ఆపారు. "బిడ్డా, ఇక్కడ మా తూము ఉండాలి. ఏది?" అన్నారు.

తూము లేదు. దాని పిల్లకాలువ లేదు. వెతికితే షీటు మొత్తం మీద ఒక్క పిల్లకాలువ కూడా లేదు. నాకు చెమటలు పట్టాయి.

ఆ పీఎల్‌టీ ఫైలులో రంగులు ఉండవు. ఎస్‌పీ1, ఎస్‌పీ2 అని పెన్ను నంబరు మాత్రమే ఉంటుంది. ఆ రోజుల్లో ప్లాటర్‌లో ఏ పెన్ను పెడితే ఆ రంగు గీత వచ్చేది. నేను వాడిన ప్రోగ్రాము రెండో పెన్నుకు తనంతట తాను పసుపు రంగు ఇచ్చింది. నలుపు-తెలుపుగా మార్చేటప్పుడు పసుపు తెలుపు కిందే లెక్క. పిల్లకాలువలన్నీ రెండో పెన్నుతో గీసినవే!

అందుకే అన్ని పెన్నులకూ నలుపే ఇవ్వండి, తేడా మందంలో చూపండి. హెచ్‌పీ2ఎక్స్‌ఎక్స్ అనే ఉచిత ప్రోగ్రాములో రెండూ పెట్టుకోవచ్చు. దాంతో ఈపీఎస్ అనే రకం ఫైలు చేసి, ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాముతో 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కలు) టిఫ్ గ్రూప్ 4 చేయండి. గ్రూప్ 4 అంటే నలుపు-తెలుపు చిత్రాలను కుదించే పద్ధతి. ఏ1 షీటు అంటే 12 కోట్ల పైచిలుకు చుక్కలు, కుదించకపోతే 15 మెగాబైట్లు. గ్రూప్ 4 ప్రతి వరుసనూ పై వరుసతో పోల్చి, మారినచోట్లు మాత్రమే రాసుకుంటుంది. ఒక్క చుక్క కూడా పోదు. నా షీట్లలో చాలావరకు ఒక మెగాబైటు లోపే వచ్చాయి. బూడిద రంగును చుక్కలుగా చిలకరించే పద్ధతి మాత్రం వద్దు, సైజు ఉబ్బిపోతుంది.

జేపెగ్ పేరెత్తకండి. గీత గీతకూ పక్కన మసక అంటిస్తుంది. ఇప్పుడు ఇంజినీర్లు కూడా నక్షాను ఫోనులో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నారు. సర్వే నంబరు చదవలేక ఫోను చేస్తే, మళ్లీ ఇంకో ఫొటో!

జేబిగ్2 అనే ఇంకో కుదింపు పద్ధతితో ఇంకా చిన్నవవుతాయని ఎవరైనా చెబుతారు. అందులో నష్టం లేని రకం అయితే సరే. నష్టం ఉండే రెండో రకం ఒకేలా కనిపించే అంకెలను ఒకదాని బదులు ఒకటి పెట్టేస్తుంది. 2013లో జర్మనీలో ఒక ఇంటి ప్లానును స్కాన్ చేస్తే గదుల వైశాల్యాలే మారిపోయి బయటపడింది. మన నక్షాలో 3 కాస్తా 8 అయితే ఎవరి పొలం ఎవరిదవుతుంది?

ఆ రైతు వచ్చిన రాత్రే అన్ని షీట్లూ మళ్లీ చేశాను, డబ్బులు తీసుకోలేదు. మీరు మూడు వందలూ ఒకేసారి మార్చకండి. ముందు ఒక్కటి చేసి, ప్రింటు తీసి, ఆ ఆయకట్టులో నీళ్లు పెట్టుకునే మనిషికి చూపించండి.