మాన్యువల్ గేర్‌బాక్స్ పెట్టాక స్టార్టర్ తిరగకపోతే

మీ 2003 బీఎండబ్ల్యూ ఈ46 (3 సిరీస్) కారులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీసి 5 గేర్ల మాన్యువల్ పెట్టాక, తాళం తిప్పితే మీటర్లో లైట్లు వస్తున్నాయి గానీ స్టార్టర్ (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు) ఉలకదు పలకదు అన్నారు. స్టార్టర్ మార్చడానికి తొందరపడకండి. గేరు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉందన్న సిగ్నల్ అందితేనే ఇమ్మొబిలైజర్ (కారు దొంగతనాన్ని అడ్డుకునే ఎలక్ట్రానిక్ యూనిట్) స్టార్టర్‌ను తిరగనిస్తుంది. ఆ సిగ్నల్ పంపే స్విచ్ పాత గేర్‌బాక్స్‌తోపాటే పోయింది.

ముందు నిర్ధారించుకోండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళం స్టార్ట్‌లో పట్టుకోమని ఒకరికి చెప్పండి. స్టార్టర్ సన్న వైరు దగ్గర మల్టీమీటర్ 12 వోల్టుల దరిదాపుల్లో చూపిస్తే సిగ్నల్ బాగానే ఉన్నట్టు. అప్పుడు ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ చూడండి, తిరిగి బిగించడం మర్చిపోయేది దాన్నే. సున్నా వస్తే మాత్రం చాలావరకు ఆ సిగ్నలే కారణం.

చాలామంది పాత స్విచ్‌కు వెళ్లే వైర్లను నేరుగా కలిపేస్తారు. స్టార్ట్ అవుతుంది, కాకపోతే గేర్లో ఉండగా తాళం తిప్పితే కారు ముందుకు దూకుతుంది. మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ దగ్గర పెట్టుకుని, క్లచ్ పెడల్ దగ్గర స్విచ్ బిగించి దాని గుండా కలపండి. పెడల్ పూర్తిగా తొక్కితేనే సర్క్యూట్ కలవాలి.

రివర్స్ లైట్లకు కొత్త గేర్‌బాక్స్ స్విచ్ నుంచి రెండు వైర్లు లాగాలి. మీటర్లోని గేర్ లైటు వైరింగ్‌తో పోదు, కంప్యూటర్‌ను మాన్యువల్‌గా కోడింగ్ చేయించాల్సిందే.

ఇంతకీ క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్) చివర, గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనను పట్టుకునే పైలట్ బేరింగ్ వేశారా? ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో వచ్చిన ఇంజిన్‌లో అది ఉండదు. వేయకపోతే గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఆ ఇన్‌పుట్ షాఫ్ట్‌కు ఆసరా లేక గోల చేస్తుంది, గేర్‌బాక్స్ మళ్లీ దించక తప్పదు.